జిప్సము గోడ, కాంక్రీటు వెన్నెముక

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఇంటికి వ్యయమగు ధనములో పెద్ద భాగము గోడలకును, కప్పునకును పోవును. ఆ గోడను దేనితో కట్టవలెనను ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క సమాధానము చెప్పినది. మన్ను, రాయి, ఇటుక, గానుగ సున్నము, సిమెంటు, ఉక్కు కడ్డీలు గల కాంక్రీటు అను ఈ వరుసలో గడచిన నూరేండ్లుగా కాంక్రీటే రాజ్యము చేయుచున్నది. అయితే ఈ చరిత్రలో ఒక మూలన నిలిచి, అలంకారమునకు మాత్రమే పనికివచ్చునని చిరకాలము తలపబడిన పదార్థము మరియొకటి కలదు. అదియే జిప్సము. అది కాంక్రీటునకు తోడై భారము మోయు గోడగా ఎట్లు మారినదో, ఆ స్నేహమునకు ఏ కట్టుబాట్లు కావలసివచ్చెనో వివరించుట ఈ వ్యాసోద్దేశము. తిరుచిరాపల్లి, చెన్నపురి, ముంబయిలోని ట్రాంబే, ఒరిస్సా తీరపు పారాదీప్, విశాఖపట్టణము మున్నగు ఊళ్ల పేర్లు ఈ కథలో వచ్చును. ఇవి మనవారు తరతరములుగా కాపురమున్న చోట్లకు దగ్గరివే గనుక మన పాఠకులకిది పరాయి ముచ్చట కాదు.

జిప్సము భూమిలో దొరకు మెత్తని ఖనిజము. గోటితో గీచినను గీత పడును. ఆయుర్వేదమున గోదంతియని వ్యవహరింపబడునది ఇదియే. దాని కూర్పులో వింత యేమనగా, నూరు పాళ్ల రాతిలో సుమారు 21 పాళ్లు నీరే. చూచుటకు పొడిరాయి, లోపల దాగినది జలము. దీనిని సుమారు 150 డిగ్రీల వేడిమిలో కాల్చిన యెడల ఆ నీటిలో నాలుగింట మూడు పాళ్లు ఆవిరియై పోయి, తెల్లని పొడి మిగులును. ఆ పొడికి మరల నీరు చేర్చినచో, పోయిన జలమును తిరిగి గ్రహించి కొలది నిమిషములలో రాయిగా మారును. సున్నపురాతిని కాల్చుటకు సుమారు 900 డిగ్రీలును, సిమెంటును వండుటకు సుమారు 1,450 డిగ్రీలును కావలెను. కావున మానవుడు నిప్పుతో చేసికొన్న కట్టుబడి పదార్థములలో జిప్సము మిక్కిలి తక్కువ వంటచెరకుతో సిద్ధమగునది.

ఈ సులభగుణమును ప్రాచీనులు ఎరుగుదురు. ఈజిప్టు పిరమిడ్ల రాళ్ల నడుమ వాడిన అడుసులో ముఖ్యమైనది జిప్సమే. పారిసు నగరమందలి మోంమార్త్ర గుట్టలలో ఈ ఖనిజము విరివిగా దొరకుటచేత ఆ తెల్లని పొడికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అను పేరు లోకమంతట నిలిచెను. 1666లో లండను నగరము అగ్నికి ఆహుతి కాగా, పారిసులోని కొయ్యయిండ్లకు అట్టి ముప్పు రాకుండ గోడలకు ప్లాస్టరు పూయవలెనని ఆ మరుసటి సంవత్సరము ఫ్రాన్సు రాజైన పదునాలుగవ లూయీ శాసించెను. నిప్పు సోకినపుడు జిప్సములోని నీరు ఆవిరియై వేడిని హరించును. ఆ నీరంతయు పోవువరకు వెనుకనున్న కొయ్య వేడెక్కదు. దానికి కారణమైన నీటి రహస్యమును 1765లో యువకుడైన లావోజియే శాస్త్రజ్ఞుడు ఫ్రెంచి పరిషత్తునకు సమర్పించిన తన తొలి పరిశోధనలో వివరించెను. ఆధునిక రసాయనశాస్త్ర జనకుని మొదటి పాఠము ఈ గోడపూతయే యగుట ముచ్చట గొలుపును.

మరి మన దక్షిణదేశమున జిప్సము గోడలు ఏల లేవు? మన పూర్వులు గానుగలో నూరిన సున్నమునకు బెల్లపు నీరు, కరక్కాయ కషాయము చేర్చి కోటలను, కోవెలలను, మిద్దెయిండ్లను నిలిపిరి. జిప్సమును వారు వైద్యమునకు వాడిరేగాని వెలిగోడకు నమ్మలేదు. కారణము స్పష్టము. ఒక లీటరు నీటిలో 2 గ్రాములకు పైగా జిప్సము కరగును. వాన యెరుగని నైలునదీ తీరమున అది వేలయేండ్లు నిలుచును. ఆషాఢము మొదలు కార్తీకము వరకు కురియు మన వానలకు నిలువజాలదు. సున్నమట్లు కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి ఏటేట గట్టిపడుచు మరల సున్నపురాయి యగును. మన మేస్త్రీల యెంపిక అజ్ఞానము కాదు. మన ఋతువులు నేర్పిన జ్ఞానము.

19వ శతాబ్దమున సిమెంటు వచ్చెను. 1824లో ఇంగ్లండునందు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. 1867లో ఫ్రాన్సునందు జోసెఫ్ మోనియే అను తోటమాలి పూలతొట్లకు ఇనుప తీగలు పెట్టి కాంక్రీటు పోసి హక్కుపత్రము తీసికొనెను. నొక్కుడు బలమును కాంక్రీటు ఓర్చుకొనును, లాగుడు బలమును ఇనుము ఓర్చుకొనును. ఈ రెండింటి పొత్తే నేటి మేడల కన్నిటికి మూలము. మనదేశమున సిమెంటు చేయుటకు తొలిప్రయత్నము 1904లో చెన్నపురి యందలి వాషర్‌మన్‌పేటలో సముద్రపు గుల్లలతో జరిగెను, అది నిలద్రొక్కుకొనలేదు. 1914లో పోరుబందరున వెలసిన కర్మాగారము నిలిచెను. 1939లో తిరుచిరాపల్లి సీమయందు డాల్మియాపురము కర్మాగారము వెలసెను.

ఇచ్చట జిప్సము నిశ్శబ్దముగా రంగప్రవేశము చేసినది. సిమెంటు కొలిమినుండి వచ్చు గులకను ఒంటరిగా పొడిచేసి నీరు పోసిన, మేస్త్రీ తాపీ ఎత్తులోపల అది బిగిసిపోవును. నూటికి మూడు నుండి ఐదు పాళ్లు జిప్సము కలిపి నూరినపుడే ఆ తొందర అణగి, పోతపోయుటకు వ్యవధి దొరకును. తిరుచిరాపల్లి ప్రాంతపు నేలలో దొరకు జిప్సము డాల్మియాపురమున ఈ పనికే వినియోగపడెను. కావున మనము కట్టుకొన్న ప్రతి సిమెంటు ఇంటియందును చిటికెడు జిప్సము ఉండనే యున్నది. కూరలో ఉప్పువలె కనబడక పనిచేయుచున్నది.

అయితే ఉప్పు మితిమీరిన కూర చెడును. గట్టిపడిన కాంక్రీటునకు బయటినుండి జిప్సము కలిసిన నీరు చేరినచో, సిమెంటులోని కొన్ని భాగములతో అది కూడి సూదులవంటి కొత్త స్ఫటికములుగా పెరుగును. అవి ఉబ్బి కాంక్రీటును లోపలినుండి చీల్చును. 19వ శతాబ్దాంతమున మైకేలిస్ అను జర్మను పండితుడు దీనికి సిమెంటు క్రిమి యని పేరు పెట్టెను. ఉక్కుతోనైన మరియొక పేచీ గలదు. కాంక్రీటునకు గాఢమైన క్షారగుణ ముండుటచేత దానిలోని ఉక్కుపై సన్నని పొర యేర్పడి తుప్పునుండి కాపాడును. జిప్సమునకు ఆ గుణము లేదు. తడి జిప్సములో ఉంచిన ఇనుపమేకు కొలదికాలమునకే ఎఱ్ఱని మరక వేయును. ఇట్లు కాంక్రీటునకును, ఉక్కునకును కూడ జిప్సము తగని చుట్టమని ఇంజనీర్లు నిశ్చయించి, దానిని భారము లేని పనికి పరిమితము చేసిరి. 1894లో అమెరికాలో అగస్టిన్ సాకెట్ అట్టల నడుమ జిప్సము పరచి పలకలు చేయు విధానమునకు హక్కుపత్రము పొందెను. నాటినుండి కాంక్రీటు స్తంభములు భారము మోయుచుండగా, వాటి నడుమ అడ్డుగోడలకును, లోకప్పులకును జిప్సము పలకలు వాడుకలోనికి వచ్చెను. ఒకే ఇంటిలో ఇరువురును ఉండిరి. పొయ్యిలు మాత్రము వేరు.

ఈ దూరమును తగ్గించినది, విచిత్రముగా, వ్యవసాయము. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో ఎరువుల తయారీకి జిప్సము కావలసివచ్చెను. కేరళమందలి ఆల్వాయలో 1947లో పని ఆరంభించిన కర్మాగారమునకు తిరుచిరాపల్లినుండియు, బీహారున 1951లో ఆరంభమైన సింద్రీ కర్మాగారమునకు రాజస్థానమునుండియు జిప్సము రైళ్లపై చేరెను. దానిని అమోనియాతో కలిపి అమోనియము సల్ఫేటు చేసిరి. పిమ్మట భాస్వర ఎరువులు వచ్చినవి. వాటికి వలయు ఫాస్ఫారికామ్లమును చేయుటకు భాస్వరపు రాతిని గంధకామ్లముతో కరగింపవలెను. ఇందులో కథ తలక్రిందులైనది. అంతవరకు జిప్సమును తిన్న ఎరువుల పరిశ్రమ దానిని కక్కుట మొదలిడెను. ఒక టన్ను ఆమ్లమునకు సుమారు ఐదు టన్నుల ఫాస్ఫోజిప్సము మిగులును. విశాఖపట్టణమున 1967లో ఆరంభమైన కర్మాగారము మొదలు ట్రాంబే, తూత్తుక్కుడి, కొచ్చి, పారాదీప్ తీరములలో వెలసిన కర్మాగారముల వరకు ఈ బూడిదరంగు దిబ్బల సమస్య పెరిగెను. సిమెంటు కర్మాగారములు, చౌడునేలలను బాగుచేయు రైతులు కొంత వాడుకొనగా మిగిలినది గుట్టలై నిలిచెను. గాలికి ధూళి, వానకు ఊట. పొరుగు గ్రామములకు అది భారము.

ఈ గుట్టను గోడగా మార్చు ఉపాయము ఆస్ట్రేలియానుండి వచ్చెను. 1990లో అడిలైడు నగరమందలి రాపిడ్ బిల్డింగ్ సిస్టమ్స్ అను సంస్థ రాపిడ్‌వాల్ అను పలకను రూపొందించెను. కాల్చిన జిప్సమునకు నీరు, నీటిని వికర్షించు మందులు కలిపి, గాజునారను పొరపొరలుగా చేర్చి బల్లపై పోత పోయుదురు. పలక పొడవు 12 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందము 124 మిల్లీమీటర్లు. లోపల నిలువునా బోలు గదులు. ఒక్కొక్కటి 230 మిల్లీమీటర్ల వెడల్పును, 94 మిల్లీమీటర్ల లోతును గలది. చదరపు మీటరునకు బరువు సుమారు 44 కిలోలు మాత్రమే. తొమ్మిదంగుళముల ఇటుకగోడ అదే వైశాల్యమునకు 400 కిలోలకు పైబడి తూగును. ఇంటి గోడ నంతటిని ఒక్క పలకగా, వాకిళ్లు కిటికీలు ముందుగనే కోసి, క్రేనుతో ఎత్తి నిలబెట్టవచ్చును.

ఇచ్చట గ్రహింపవలసిన కీలక మొకటి గలదు. జిప్సమునకు ఎముకగా గాజునారను ఏల యెంచిరి, ఉక్కును ఏల విడిచిరి? సాధారణమైన గాజునారను సిమెంటులో కలిపినచో అందలి క్షారము కాలక్రమమున దానిని కొరికివేయును. అందువలననే 1960 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు జిర్కోనియా కలిపిన ప్రత్యేకమైన గాజును సిమెంటుకొరకు కనిపెట్టవలసివచ్చెను. జిప్సములో క్షారము లేదు గనుక సామాన్యపు గాజునార అందులో చెక్కుచెదరక యుండును. దీనికి సరిగా విపర్యయముగా, ఉక్కు సిమెంటులో సుఖముగా నుండును, జిప్సములో తుప్పు పట్టును. ఎముకలను తారుమారు చేసిన రెండు దేహములును చెడును. కావున ఎవరి ఎముక వారికుండవలెను. రాపిడ్‌వాల్ నిర్మాణములో ఈ నియమమే పాటింపబడినది. గాజునారతో జిప్సపు పలక నిలుచును. దాని బోలు గదులలో ఉక్కు కడ్డీలు దింపి కాంక్రీటు పోయగా, ఉక్కు కాంక్రీటు కడుపులోను, కాంక్రీటు జిప్సము కడుపులోను ఉండును. ఉక్కు జిప్సమును తాకదు. పోతకు కావలసిన చట్రపు పని జిప్సమే చేసిపెట్టును. చట్రమును విప్పు పని లేదు, ఆ చట్రమే గోడయై నిలుచును.

చెన్నపురి ఐ.ఐ.టి. ఆచార్యులు ఈ పలకలపై అనేక సంవత్సరములు పరీక్షలు చేసిరి. ఆస్ట్రేలియా వారు దీనిని ముఖ్యముగా గోడకు వాడగా, వీరు నేలకును, కప్పునకును, మెట్లకును గూడ వాడదగిన విధానమును సిద్ధపరచిరి. కప్పునకు పలకను అడ్డముగా పరచి, ప్రతి మూడవ గదిని పైనుండి తెరచి, అందులో ఉక్కు పంజరమునుంచి, పైన 50 మిల్లీమీటర్ల కాంక్రీటును ఇనుప వలతో పోయుదురు. అపుడు చిన్న చిన్న దూలముల వరుసయు, పలకయు కలిసి ఒక్కటిగా భారము మోయును. 2013లో ఐ.ఐ.టి. ప్రాంగణముననే రెండంతస్తులలో నాలుగు కాపురములకు సరిపడు 1,981 చదరపు అడుగుల ఇంటిని ఒక్క నెలలో కట్టి చూపిరి. వారు సిద్ధపరచిన రూపకల్పన గ్రంథమును కేంద్రప్రభుత్వపు గృహనిర్మాణ పదార్థముల, సాంకేతిక విజ్ఞానముల ప్రోత్సాహక మండలి ప్రచురించెను. భూకంపభయము తక్కువగల చోట్ల 8 నుండి 10 అంతస్తులవరకు ఇట్లు కట్టవచ్చునని నిర్ణయించిరి. పలకల తయారీకి ట్రాంబేలో ప్రభుత్వ ఎరువుల సంస్థ పూనుకొనెను. కొచ్చిలో 2008లో రెండు ప్రభుత్వ ఎరువుల సంస్థలు కలిసి ఒక ఉమ్మడి సంస్థను నెలకొల్పెను. ఆంధ్రదేశమున నెల్లూరునందు 36 గృహములు ప్రదర్శనార్థము ఈ పద్ధతిని నిర్మింపబడినవి. తిరుపతి ఐ.ఐ.టి. వారును తమ భవనములకు దీనిని వాడుకొనిరి. ఒకనాడు ఆల్వాయకు రైలెక్కి పోయిన తిరుచిరాపల్లి జిప్సము కథ, అర్ధశతాబ్దము దాటిన పిమ్మట ఎరువుల వ్యర్థము తిరిగి గోడగా మారుటతో ఒక కొలిక్కి వచ్చినదనవచ్చును.

గుణములను చెప్పి దోషములను దాచుట న్యాయము కాదు. మొదటి శత్రువు నీరు. నీటిని వికర్షించు మందులు కలిపినను జిప్సము జిప్సమే. నేల తేమ గోడకు ఎక్కకుండ పునాదిపై కాంక్రీటు దూలము వేసి, దానిపై తడిని ఆపు పొర పరచి, పిమ్మటనే పలకను నిలుపవలెను. స్నానపుగదుల గోడలకును, మిద్దెకును, అతుకులకును జలనిరోధపు పూత వేయకున్న మేలు కీడగును. రెండవది, పోతలోని శ్రద్ధ. గది లోపల కాంక్రీటు నిండినదో, నడుమ ఖాళీ మిగిలినదో కంటికి కనబడదు. సన్నని కంకరతో, జారుడుగల కాంక్రీటును అంచెలంచెలుగా పోసి సర్దవలెను. తొందరపడి పోసిన గోడ మేడిపండు వంటిది. మూడవది, ఇది గోడలే భారము మోయు కట్టడము. స్తంభముల ఇంటిలో వలె నడిమి గోడను తొలగించి గదిని పెద్దది చేయుటకు వీలులేదు. క్రింది అంతస్తు గోడను కదలించిన పై అంతస్తు ఆధారము పోవును. నాల్గవది, రవాణా. పలక తేలికయే యైనను 12 మీటర్ల పలక ఒక్కటి సుమారు 1,600 కిలోలు తూగును. పెద్ద లారీ, క్రేను లేని సందులలోనికి చేరదు. కర్మాగారము దూరమైనకొలది లాభము తగ్గును.

ఐదవ సందేహము మరింత గంభీరమైనది. భాస్వరపు రాతిలో రేడియము లేశమాత్రముగా నుండును. అందులో కొంత ఫాస్ఫోజిప్సములోనికి చేరును. దానిని ఇంటిగోడగా వాడవచ్చునా యని జనులు అడుగుట సహజము, ఉచితము. మనదేశపు అణుశక్తి నియంత్రణ మండలి 2009లో ఇందుకు హద్దులు విధించెను. గ్రాము ఫాస్ఫోజిప్సములో రేడియము చురుకుదనము 1 బెకరెల్ లోపల నున్న సరుకును, పలకకు నిర్ణయించిన పరిమితికి లోబడి, గృహనిర్మాణమునకు వాడవచ్చునని నిర్దేశించెను. ఏ దేశపు రాతినుండి వచ్చిన సరుకు అనుదానిని బట్టి ఈ గుణము మారును. అందుచేత పరీక్షాపత్రమును అడిగి చూచుట కొనుగోలుదారుని హక్కు.

మన ప్రజలకు మరియొక జంకు కలదు. గోడను తట్టి చూచి, డొల్ల శబ్దము వచ్చిన దానిని బలహీనమని తలచుట మనకు అలవాటు. పెండ్లికుమార్తెనిచ్చు ఇంటి గోడను సైతము తట్టి చూచిన తరము మనది. కాని వెదురు డొల్ల. అయినను పందిరి మోయును. బలము బరువులో లేదు, కూర్పులో నున్నది. వాస్తవమునకు ఇంటి బరువు తగ్గినకొలది భూకంపమున దానిపై పడు తాకిడి తగ్గును. ఎముకలవలె నిండు కాంక్రీటు, దాని చుట్టు తేలికైన జిప్సము నుండుట ఈ విషయమున మేలే. అయినను నమ్మకము మాటలతో రాదు. కట్టిన ఇండ్లు పది ఇరువది వానకాలములు గడచి నిలిచినపుడే వచ్చును. ఆ సాక్ష్యమును సేకరించుటకు, కట్టిన ఇండ్లను ఏటేట పరీక్షించి ఫలితములను వెల్లడించుట ప్రభుత్వముల కర్తవ్యము.

ఈ చరిత్ర నేర్పు పాఠము ఒక్కటి. జిప్సమును కాంక్రీటుగా మార్చబూనిన ప్రయత్నములు ఫలింపలేదు. కాంక్రీటును తొలగించి జిప్సమునే నిలుపుటయు సాధ్యము కాలేదు. ఒకదాని గుణము నొకటి చెరపకుండ, ఎవరి ఎముక వారికుండగా, హద్దులెరిగి ప్రక్కప్రక్కన నిలిచినపుడే రెండును కలిసి ఒక ఇంటిని మోసినవి. పరభాషా ప్రాంతములలో తరతరములుగా కాపురముండి, ఇంట మన పలుకును, వీథిలో ఊరి పలుకును నిలుపుకొన్న మనకు ఈ నీతి కొత్తది కాదు. ఇక, కొత్తయిల్లు కొనబోవు మన కుటుంబములవారు జిప్సపు గోడ యని వినినంతనే వెనుదీయనక్కరలేదు, వెంటనే మురిసిపోనక్కరయు లేదు. పునాదిపై తడి ఆపు పొర వేసిరా, గదులలో పోతను ఎవరు తనిఖీ చేసిరి, సరుకునకు పరీక్షాపత్రము కలదా, స్నానపుగదికి ఏ పూత వేసిరి అను ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు. వీటికి తిన్నని జవాబు చెప్పగల మేస్త్రీ కట్టిన గోడను నమ్మవచ్చును.